ఆ వాక్యం మీ నాన్నగారికి కాదు

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నేను గానీ నా భార్య గానీ తినిపించబోతే నోరు బిగించేస్తారు, కసురుకుంటారు. ఆటో తోలుకునే మా తమ్ముడు వస్తే మాత్రం మారుమాట లేకుండా తింటారు. వాడిది మేం ఒప్పుకోని పెళ్లి. నాన్నగారు ఆసుపత్రి నుంచి వచ్చాక కృతజ్ఞతా కూడిక పెడితే ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. పెద్దవాళ్లంతా ఉన్నారని వరండాలో కూర్చోమన్నాను. నేను సంఘ పెద్దని. చిన్నబిడ్డలా దేవుని మీద ఆనుకోవాలని నాన్నగారికి ఏ వాక్యం చూపించి నచ్చజెప్పాలి?
- ఒక సోదరుడు, గుంటూరు జిల్లా

జవాబు: ఏ వాక్యమూ చూపించకండి సోదరా. చెయ్యి పడిపోయిన మనిషి ముందు బైబిల్ తెరిచి బిడ్డలా ఉండమనడం పెత్తనం అవుతుంది.

ఉత్తరమంతా నాన్నగారి గురించే రాశారు. నాకు మాత్రం వరండా దగ్గర ముందుకు చదవబుద్ధి కాలేదు.

బిడ్డల వంటివారు కావాలన్న మాట మత్తయి సువార్త 18లో ఉంది. ప్రభువు దాన్ని మంచం పట్టినవాళ్లతో అనలేదు, పరలోకరాజ్యంలో ఎవరు గొప్ప అని అడిగిన శిష్యులతో అన్నాడు. మార్కు 9లో అయితే, దారిలో దేని గురించి వాదించుకున్నారని కపెర్నహూము ఊళ్లో ఆయన అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు, వాళ్లు వాదించుకున్నది తమలో ఎవరు గొప్ప అనే. అప్పుడే ఒక బిడ్డను మధ్యలో నిలబెట్టి ఎత్తుకున్నాడు. పుట్టిన పసికందును పెంచుకోవాలా వదిలేయాలా అన్నది తండ్రి చేతిలో ఉండే రోమా పాలన రోజులవి. ఏ హోదా లేని అలాంటి బిడ్డను చేర్చుకుంటే నన్ను చేర్చుకున్నట్టే అన్నాడాయన. వాక్యంలో ఈ సగాన్ని మన సంఘ పెద్దలు తమకు చెప్పుకోరు. యాకోబు పత్రిక రెండో అధ్యాయం కూడా తీయండి. బంగారు ఉంగరం వాడికి మంచి చోటు, మాసిన బట్టల వాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వడం తప్పని అక్కడుంది. మీ ఇంట్లో ఆ రెండోవాడు మీ తోడబుట్టినవాడు. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, దాచుకోను.

నాన్నగారికి ఆనుకోవడం చేతకాదని ఎలా అనుకున్నారు? చిన్నకొడుకు చేతి ముద్ద తింటున్నారు కదా! ఇన్నేళ్లు ఇల్లు నడిపిన మనిషి, తనను ఎవరు బరువుగా చూస్తున్నారో ఎవరు చూడట్లేదో ఆయనకు తెలియదా?

ఈ ఆదివారంలోపు తమ్ముడి ఇంటికి మీరే వెళ్లండి. ఫోన్ చేసి పిలిపించుకోవద్దు. మరదలి ముందే క్షమించమని అడగండి. పెళ్లి సంగతి ఎత్తకండి. అన్నం పెడితే అక్కడే తినండి. సంఘంలో ఎవరేమనుకుంటారోనన్న టెన్షన్ మీకుంటే, పెద్దరికం కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇంకో సంగతి. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, దిగులూ పట్టుకుంటుంది. పొలమారుతున్నా, తింటూ దగ్గుతున్నా వెంటనే డాక్టరుకు చూపించండి. పడుకోబెట్టి పెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు నెమ్మదిగా పెట్టాలి. తమ్ముణ్ణి రోజూ రమ్మనకండి, బేరాలు పోతాయి. వచ్చిన రోజున పక్కన కూర్చుని అతనెలా పెడుతున్నాడో చూసి నేర్చుకోండి. మిగతా రోజుల్లో మీ భార్య మీదకు నెట్టకుండా మీరే తినిపించండి.