‘గూఢచారి 116’ బాపుకు మళ్ళీ చూపించాలంటే ముందు స్పీడు సరిచేయండి

మీరడిగింది క్లుప్తంగా ఇది. డెబ్బై దాటిన మీ బాపు (నాన్న) చిన్నప్పుడు టాకీసులో చూసిన 1966 నాటి కృష్ణ సినిమా ‘గూఢచారి 116’ను సంక్రాంతి సెలవుల్లో హన్మకొండలో మీ డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి ఇంటిల్లిపాదికీ చూపించాలని మీ కోరిక. ముందుగా టీవీలో పెట్టి చూస్తే ఫైట్లకు పిల్లలు నవ్వారు. బాపు మాత్రం “గిది గిట్ల లేకుండె” అన్నారు. తేడా ఎక్కడుంది, ఏం చేస్తే ఆనాటిలా కనిపిస్తుంది అని అడిగారు.

మీ బాపు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆయన చూసిన బొమ్మ, మీ టీవీలో ఆడిన బొమ్మ ఒకటి కావు.

మొదటి దోషం స్పీడుది. సినిమా రీలు సెకనుకు 24 ఫ్రేముల (విడి బొమ్మల) చొప్పున నడుస్తుంది. మన టీవీ పద్ధతి సెకనుకు 25. పాత సినిమాలను క్యాసెట్లకూ టీవీకీ ఎక్కించేటప్పుడు ఆ ఒక్క ఫ్రేము తేడాను సర్దడానికి సినిమానే కాస్త వేగంగా తిప్పేసేవారు. రెండున్నర గంటల సినిమా అలా 144 నిమిషాల్లో అయిపోతుంది. వినడానికి నాలుగు శాతమే, కానీ గొంతులు హార్మోనియంలో పక్క మెట్టుకు కాస్త ఇవతలి దాకా పైకి పోతాయి. ఘంటసాల గొంతులోని బరువు తగ్గిపోతుంది. ఫైట్లకైతే దెబ్బ మీద దెబ్బ. ఆ రోజుల్లో ఫైట్లూ ఛేజింగులూ చురుగ్గా కనిపించాలని కెమెరాను 20, 22 ఫ్రేముల్లో నడిపి తీయడం మామూలు. 20లో తీసినదాన్ని 24లో వేస్తే 20 శాతం వేగం, అది తీసినవాళ్ళు కావాలనుకున్న వేగం. 25లో వేస్తే 25 శాతం. పిల్లలు నవ్వింది చాలావరకు ఆ పైన పడ్డ వేగానికే.

మీ దగ్గరున్న ఫైలు అలాంటిదో కాదో ఇలా తేల్చుకోండి. వీఎల్‌సీలో (కంప్యూటర్‌లో వీడియోలు ఆడించే ఉచిత ప్లేయర్) ఫైలు వివరాలు తెరిచి ఫ్రేమ్ రేట్ చూడండి. 24 గానీ 23.976 గానీ ఉంటే ముట్టుకోవద్దు. 25 ఉంటే అనుమానించండి, అప్పుడే సరిచేయకండి. ఎవరైనా కదులుతున్న సీన్‌లో ఆపి, ‘ఇ’ (E) మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమే ముందుకు జరపండి. ప్రతి 25 ఫ్రేముల్లో ఏదో ఒక ఫ్రేము వెంటవెంటనే రెండుసార్లు కనిపిస్తుంటే స్పీడు సరిగానే ఉన్నట్టు, లెక్క సరిపోవడానికి ఒక ఫ్రేము కలిపారంతే. ఏదీ తిరిగి రాకపోతే వేగం పెంచిన కాపీ. ఇంకో పరీక్ష, ‘నువ్వు నా ముందుంటే’ పాటలో ఒక చరణాన్ని ఆడియోలోనూ సినిమాలోనూ స్టాప్‌వాచ్ పెట్టి కొలవండి. ఆడియోలో 60 సెకన్లు పట్టేది సినిమాలో 57.6 అయితే ఇక సందేహం లేదు.

సరిచేయడం తేలిక. వీఎల్‌సీ కింది పట్టీలో 1.00 అని కనిపించే చోట నొక్కి వేగాన్ని 0.96కు తగ్గించండి. ఇక్కడే చాలామంది ఒకటి మరిచిపోతారు. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అనేదాన్ని తీసేయాలి. అది ఉంటే బొమ్మ నెమ్మదిస్తుంది గానీ గొంతులు పెరిగిన శ్రుతిలోనే ఉండిపోతాయి. తీసేస్తే రెండూ కలిసి దిగుతాయి. బాపు ముందు ఒక్క పాట పెట్టి చూడండి, గుర్తుపట్టడానికి ఆయనకు పల్లవి చాలు.

రెండో దోషం చట్రానిది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’. దానికి ముందటి ఈ నలుపు తెలుపు సినిమా దాదాపు చతురస్రం, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు. ఇప్పటి టీవీ 1.78. తెర నిండాలని జూమ్ పెడితే పైనా కిందా కలిపి 23 శాతం బొమ్మ పోతుంది. సాగదీస్తే కృష్ణ ముఖం 30 శాతం వెడల్పవుతుంది. గూఢచారి సినిమాకు జూమ్ మరీ చేటు, ఎందుకంటే ఈ రకం కథలో చేతిలో ఏముంది, టేబుల్ మీద ఏముంది అన్నది చట్రం కింది అంచునే ఉంటుంది. పక్కన నల్ల పట్టీలు మిగలనివ్వండి. అప్‌లోడ్ చేసినవాళ్ళే కోసేసి ఉంటే మీరు చేయగలిగింది లేదు, ఇంకో కాపీ వెతకాలి. టైటిల్స్‌లో పై వరుస పేర్ల తలకట్లు తెగి ఉంటే అది కోసిన కాపీ అని మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.

మూడోది వెలుతురు. మీరు బ్రైట్‌నెస్ పెంచి ఉంటారు, అందరూ చేసేదే. అప్పట్లో బయటి రాత్రి సీన్లను చాలాసార్లు పట్టపగలే తీసేవారు. లెన్స్‌కు ఎర్ర ఫిల్టర్ పెడితే నలుపు తెలుపు ఫిల్ములో నీలాకాశం నల్లబడుతుంది. దానిపైన ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుతురు, ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తగ్గిస్తే రాత్రి. బ్రైట్‌నెస్ పెంచారంటే ఆ రాత్రి మళ్ళీ పగలైపోతుంది, దొంగచాటుగా గోడ దూకేవాడు నిట్టమధ్యాహ్నం దూకినట్టుంటాడు. ప్రొజెక్టర్‌లో ‘సినిమా’ మోడ్ పెట్టండి, ‘వివిడ్’ వద్దు. కలర్ సున్నాకు దించండి. నలుపు తెలుపు బొమ్మలో అంచుల వెంట ఆకుపచ్చ, గులాబీ మెరుపులు కనిపించేది వీడియో టేపు మిగిల్చిన మచ్చ, కలర్ తీసేస్తే అది పోతుంది. షార్ప్‌నెస్ కూడా సున్నా. కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలొస్తే వీఎల్‌సీ వీడియో మెనూలోని డీఇంటర్‌లేస్ మోడ్‌లో యాడిఫ్ (Yadif) ఎంచుకోండి.

ఇక డాబా మీది ఏర్పాటు. పెండ్లిళ్ళకు అద్దెకిచ్చే ఎల్‌ఈడీ గోడ తేకండి. అది దూరం నుంచి రంగుల కోసం చేసింది. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే బూడిద ఛాయలు అందులో మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. ప్రొజెక్టరే మేలు. బొమ్మ 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు చాలు. కానీ దూరం లెక్కలో పొరపాటు పడకండి. ఇప్పటి ప్రొజెక్టర్ 16:9 కాబట్టి 6 అడుగుల ఎత్తు రావాలంటే అది వేసే పూర్తి చట్రం వెడల్పు 10 అడుగుల 8 అంగుళాలు. త్రో రేషియో (తెరకు దూరం, చట్రం వెడల్పుకు ఎన్ని రెట్లో ఆ లెక్క) 1.5 ఉన్న మెషీన్‌ను తెరకు 16 అడుగుల దూరంలో పెట్టాలి. 8 అడుగుల లెక్కన 12 అడుగుల దగ్గర బల్ల వేసుకున్నవాళ్ళకు బొమ్మ చిన్నగా పడి, చివరి నిమిషంలో అంతా వెనక్కి జరపాల్సి వస్తుంది. ఆ చట్రం 64 చదరపు అడుగులు, నిజమైన 1000 ఆన్సి ల్యూమెన్స్ (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) ఉంటే టాకీసులో పడేంత వెలుగు పడుతుంది. డబ్బా మీద 9000 అని రాసి నాలుగైదు వేలకు అమ్మేవాటిని నమ్మకండి, ‘ఆన్సి’ అన్న మాట పక్కన ఎంత ఉందో అదొక్కటే లెక్క.

తెరకు తెల్లటి లాంగ్‌క్లాత్ రెండు పొరలు, వెనక నల్లగుడ్డ ఒకటి. ఒంటి పొరయితే చాలా వెలుతురు అవతలికి పోతుంది. కుట్టు అడ్డంగా, ఎగువ భాగంలో వచ్చేలా కుట్టించండి. నిలువు కుట్టు నడిమధ్యలో పడితే ప్రతి క్లోజప్‌లోనూ ముఖం మీద గీతే. బొమ్మకు రెండు పక్కలా, ఒక్కో వైపు అడుగు 4 అంగుళాల మేర, ప్రొజెక్టర్ నుంచి మసక వెలుగు పడుతుంది, అక్కడ అడుగున్నర వెడల్పు నల్లగుడ్డ వేలాడదీస్తే అది మింగేస్తుంది. టాకీసుల్లో తెర చుట్టూ ఉండే నల్ల అంచు పని అదే. కింద ఇటుకలు కట్టి బిగించండి, డాబా మీద గాలికి తెర ఉబ్బితే ఫోకస్ పోతుంది.

జనవరిలో ఆరున్నర, ఏడు మధ్య బొమ్మ వేయవచ్చు. ఆ నెలలో ఉసిళ్ళ బాధ ఉండదు. మంచుతోనే ఇబ్బంది, తొమ్మిది దాటాక లెన్స్ మీద తేమ పడుతుంది. ప్రొజెక్టర్ పైన గొడుగో చిన్న పందిరో ఉంచండి, గాలి వెళ్ళే జాలీలు మాత్రం మూయవద్దు. ల్యాంప్ ఉన్న రకమైతే కరెంటు పోయిన క్షణాన ఫ్యాన్ ఆగి బల్బు దెబ్బతింటుంది. చిన్న యూపీఎస్ పెడితే చల్లారి ఆగేదాకా చాలు.

చప్పుడు విషయం. ఆ సినిమా శబ్దం ఒకే ట్రాక్, ఫిల్ము అంచున గీతలా ముద్రించింది. అందులో 8000 హెర్ట్జ్ పైన ఉండేది చాలావరకు బుస. ఈక్వలైజర్‌లో దానిపైన తగ్గించండి, కింద 80 లోపలా తగ్గిస్తే గుయ్‌మనే హమ్ తగ్గుతుంది. బాస్ పెంచాలని ఎవరు అడిగినా ఒప్పుకోకండి, మాటలు డ్రమ్ములో పడతాయి. రెండు స్పీకర్లు రెండు మూలలా వద్దు. ఒక్కటే తెర వెనక మధ్యలో, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకు కాస్త పైన. గొంతు ముఖంలోంచే వచ్చినట్టుంటుంది. బ్లూటూత్ వాడితే పెదవి ముందు, మాట వెనక. వైరు వాడండి, తప్పనిసరైతే వీఎల్‌సీలో ‘జె’, ‘కె’ మీటలతో 50 మిల్లీసెకన్ల చొప్పున సర్దుకోండి.

సినిమాలో ఇప్పటికీ ఏం చూడాలి అనీ అడిగారు. నా మటుకు మొదట చూడాల్సింది కెమెరా. ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్. 1961లో ‘సీతారామ కల్యాణం’లో రావణుడి పది తలలు నమ్మించింది ఈయనే. పౌరాణికంలో మాయలకు వాడిన మెళకువ ఐదేళ్ళకు గూఢచారి కథకు వచ్చింది. మరుసటి ఏడే, 1967లో, ఇదే కథను హిందీలో జితేంద్రతో ‘ఫర్జ్’గా తీసి నగాయిచ్ దర్శకుడయ్యారు. ఏజెంట్ నంబరు అక్కడా 116. తెలుగులో దర్శకుడు ఎం. మల్లికార్జునరావు, సంగీతం టి. చలపతిరావు, నిర్మాత డూండీ. కృష్ణకు ‘తేనె మనసులు’, ‘కన్నె మనసులు’ తర్వాత ఇది మూడోది. అప్పటికాయన వయసు 23, నాయిక జయలలితకు 18. మొదట్లోనే ప్రాణం పోగొట్టుకునే ఏజెంట్ 303 ఎవరో పిల్లలకు ముందే చెప్పకండి. బాపు తరంవాళ్ళకు తెలుసు, ఆ చిన్న వేషం వేసింది శోభన్ బాబు. ఆ తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’, ‘గూఢచారి 117’ దాకా కృష్ణ ఈ దారిలో నడుస్తూనే ఉన్నారు. ఆ దారి తెరిచింది ఈ 1966 సినిమా.

పాత కాపీల్లో అక్కడక్కడ తెర పై కుడి మూలన చిన్న గుండ్రని చుక్క మెరిసి పోతుంటుంది. అది మచ్చ కాదు. 2000 అడుగుల రీలు 22 నిమిషాలకు అయిపోతుంది. అయిపోవడానికి సుమారు 8 సెకన్ల ముందు మొదటి చుక్క, ఆపరేటర్ రెండో మెషీన్ మోటారు వేయాలి. సెకను ముందు రెండోది, బొమ్మ మార్చాలి. ఒక్కో చుక్క ఉండేది నాలుగు ఫ్రేములే, అంటే సెకనులో ఆరో వంతు. బొగ్గు కడ్డీలు రెండూ అరిగేకొద్దీ దగ్గరికి జరుపుతూ, ఆ వేడిలో కన్నార్పకుండా ఆ మూలనే చూస్తుండేవారు ఆపరేటర్లు. రెప్ప వాల్చితే తెర తెల్లబడి ఈలలు పడేవి. ఒకే మెషీన్ ఉన్న టూరింగ్ టాకీసులోనైతే ప్రతి రీలుకూ లైట్లు వేసేవారు, నేల టికెట్లలో వాళ్ళు బీడీలు ముట్టించేది అప్పుడే. వరంగల్, హన్మకొండల్లో వెంకట్రామ, అలంకార్ ఇవాళ మనకు జంక్షన్ పేర్లు, మీ బాపుకు టాకీసులు. చుక్క కనిపించిన దగ్గర ఆపి ఇది చెప్పించండి, ఆయనకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

హక్కుల మాట కూడా. మన చట్టంలో సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు, కాబట్టి దీనిది 2026 డిసెంబరు 31 దాకా. పాటల హక్కులు వేరే లెక్క. ఇంటివాళ్ళు కూర్చొని చూడటం వరకు ఫరవాలేదు, వాడకట్టంతా పిలిచి చందా పెడితే మాత్రం హక్కుదారు అనుమతి కావాలి.

ముందు రోజు రాత్రి అదే డాబా మీద పది నిమిషాలు ఆడించి చూడండి. టైటిల్స్, ఒక రాత్రి సీను, ఒక ఫైటు, ఒక పాట చాలు. టైటిల్స్‌తో చట్రం, రాత్రి సీనుతో బ్రైట్‌నెస్, ఫైటుతో స్పీడు, పాటతో శ్రుతి తేలిపోతాయి. బాపు కుర్చీ తెరకు 12 అడుగుల దగ్గర, ప్రొజెక్టర్ ఫ్యాన్ చప్పుడుకు దూరంగా ఒక పక్కకు వేయండి. మంకీ క్యాప్ మరిచిపోకండి, ఇంటర్వెల్ దాటేసరికి చలి గట్టిగానే ఉంటుంది.