నల్గొండ నీళ్లలో విషమైనది పాప పళ్లకు మందెలా అవుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. మా తాతయ్య ఊళ్లో బోరు నీళ్లు తాగి తాగి, ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయి చివరి రోజుల్లో మంచానికే పరిమితమయ్యాడు. ఇప్పుడు మా ఆరేళ్ల పాపకు వెనక దవడ పన్ను మీద తెల్ల మచ్చ ఉందని, ఫ్లోరైడ్ వార్నిష్ పూయిద్దామని ఇక్కడి డెంటిస్ట్ అంటున్నారు. ఆ పేరు వింటేనే టెన్షన్‌గా ఉంది. పూయించమంటారా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: పూయించండమ్మా, ఆలస్యం చేయకండి. తాతయ్యను అలా చూసిన మనవరాలికి భయం ఉండదా? కానీ ఆయన ఎముకల్ని వంచింది ఏళ్ల తరబడి ప్రతి రోజూ కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్. పాపకు పూసేది పంటి పైన, అదీ ఆరు నెలలకోసారి, మొత్తం కలిపి అర మిల్లీలీటరు లోపే. ఉమ్మి తగలగానే గట్టిపడి పంటికి పట్టుకుంటుంది కాబట్టి మింగేది చాలా తక్కువ.

ఆరేళ్లకు వచ్చే ఆ దవడ పన్ను పాలపళ్లు ఏవీ ఊడకుండానే అన్నిటికన్నా వెనకాల మొలుస్తుంది, అందుకే చాలామంది అదీ పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుందిలే అనుకుంటారు. కాదమ్మా, అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. తీపి తిన్నప్పుడల్లా నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది, అది ఎనామిల్ (పంటి పైనుండే గట్టి పొర)లోని కాల్షియం, ఫాస్ఫేట్‌లను కరిగిస్తుంది, ఉమ్మి మళ్లీ వాటిని కొంత పూడుస్తుంది. కరగడం ఎక్కువై పూడడం తక్కువైన చోట తెల్ల మచ్చ పడుతుంది. ఫ్లోరైడ్ ఉంటే ఆ పూడిక త్వరగా జరగడమే కాదు, కొత్తగా పేరుకున్న పొర ఆమ్లానికి అంత తేలిగ్గా కరగదు. మచ్చ దశలో ఆపితే పన్ను నిలుస్తుంది, గుంత పడ్డాక మాత్రం ఎంత ఫ్లోరైడ్ పూసినా పూడదు, ఫిల్లింగే గతి.

మీరు నిజంగా జాగ్రత్త పడాల్సింది పేస్టు మింగడం దగ్గర. ఇంకా దవడలో తయారవుతున్న పళ్లకు మింగిన ఫ్లోరైడ్ చేరితే అవి గీతలతో, మచ్చలతో బయటికొస్తాయి, ఎనిమిదేళ్ల వరకు ఈ భయం ఉంటుంది. బఠాణీ గింజంత పేస్టు చాలు, మూడేళ్ల లోపు పిల్లలకైతే బియ్యపు గింజంత. ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చూసి కొనండి, పిల్లల బొమ్మలున్న ట్యూబులన్నిట్లో అంత ఉండదు. తోమాక ఉమ్మేయమనండి, నీళ్లతో పదే పదే పుక్కిలించనివ్వకండి.

మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చేది కావేరి నీళ్లా, ట్యాంకర్ నీళ్లా? కోలార్, చిక్కబళ్లాపుర వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, నగర శివార్ల బోరు నీళ్లను కూడా పరీక్ష చేయించకుండా నమ్మొద్దు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. ఇంట్లో ఆర్‌వో ఉంటే అందులో చాలావరకు పోతుంది.

పాపకు ఆస్పత్రిలో చేర్చాల్సినంత ఉబ్బసం ఎప్పుడైనా వచ్చినా, చిగుళ్లలో పుండ్లున్నా పూయకముందే డెంటిస్ట్‌కు చెప్పండి, వార్నిష్‌లో వాడే జిగురు కొందరికి పడదు. పూశాక పళ్లు ఒక రోజు పసుపుపచ్చగా కనిపించొచ్చు, కంగారు పడకండి. ఆ పూట పెరుగన్నం లాంటి మెత్తటిది పెట్టండి, మురుకులూ వేడి పాలూ వద్దు, బ్రష్ మర్నాడు పొద్దున.