ప్లాట్ అమ్మేద్దాం అంటే విశ్వాసం లేనట్టా?

వందనాలు చెల్లీ. మీ మెసేజ్ రాత్రి ఒంటిగంటకి పంపారు, అంటే నిద్ర పట్టట్లేదన్నమాట.

చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి మీ సంగతి క్లుప్తంగా చెప్తాను. 2018లో అమరావతి దగ్గర 240 గజాల ప్లాట్ కొన్నారు, డబ్బులు చాలక మీ ఆయన తెలిసినవాళ్ళ దగ్గర నోటు రాసి 8 లక్షలు తెచ్చారు, రెండు రూపాయల వడ్డీకి. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చేసరికి రేటు పడిపోయింది, ఆయన కూడా కుంగిపోయి చర్చికి రావడం మానేశారు. 2024లో ప్రభుత్వం మారాక రేటు మళ్ళీ లేచింది, ఆయన మళ్ళీ చర్చికొచ్చి దేవుడు మేలు చేశాడని అందరి ముందు సాక్ష్యం కూడా చెప్పారు. ఇప్పుడు మంచి బేరం వచ్చింది, అమ్మేసి అప్పు తీర్చేద్దాం అని మీరు, "దేవుడిచ్చింది అమ్ముకుంటామా, విశ్వాసం ఉంటే ఆగు, ఇంకా పెరుగుద్ది" అని ఆయన. నాకే విశ్వాసం తక్కువా అక్కా అని అడిగారు.

కాదమ్మా. ఆయన ఆగమంటున్నది దేవుని మాట మీద కాదు, గజం రేటు మీద. రేటు పడితే దేవుడు దూరమై లేస్తే దగ్గరవుతున్నాడంటే మనసు ఎక్కడ ఆనుకుని ఉందో తెలుస్తూనే ఉంది కదా. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 6:17లో అస్థిరమైన ధనము అన్నాడు, ఒక ప్రకటనతో పడిపోయి ఒక ఎలక్షన్‌తో లేచిన మీ ప్లాట్ అదే కదా.

ఇంకో మాట, 8 లక్షలకి రెండు రూపాయల చొప్పున నెలకి 16 వేలు, ఏడాదికి లక్షా 92 వేలు, ఏడేళ్ళకి 13 లక్షల 44 వేలు వడ్డీకే పోయాయి, అసలు అలాగే ఉంది, నోటు రెండుసార్లు తిరగరాశారు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కేసుకోడా అని లూకా 14లో ప్రభువే అన్నాడు, కాబట్టి లెక్క చూడటం అవిశ్వాసం అని ఎవరన్నా మీరు బాధపడొద్దు.

అయినా ఆయన్ని దురాశపరుడు అనుకోకండి. మీ పుట్టింటివాళ్ళు అప్పుడే వద్దన్నారని రాశారు, నాకు అక్కడే అసలు సంగతి ఉందనిపిస్తోంది. అమ్మితే ఓడిపోయినట్టు అవుతుందని భయం. ఆ భయం మీద వాక్యాలు విసరకండి, "మీరు మాకోసమే కొన్నారని నాకు తెలుసు" అని ఒక్కసారి నోరారా అనండి.

ఇప్పుడు మీ గురించి, కోప్పడకండి. చివర్లో "ఆ డబ్బు బ్యాంకులో పడితే నాకు ప్రశాంతంగా ఉంటుంది" అని రాశారు, అక్కడ కాస్త జాగ్రత్త. ప్లాట్ మీద ఉన్న నమ్మకం పాస్‌బుక్ మీదకి మారితే తేడా ఏముంది? దాచుకోవడం తప్పని కాదు, అరణ్యంలో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా అనే ఆహారాన్ని ఇశ్రాయేలీయులు రేపటి భయంతో దాచుకుంటే పురుగు పట్టింది గానీ, మర్నాడు విశ్రాంతి దినం కాబట్టి ఆరో రోజున దేవుడు చెప్పాడని రెండింతలు దాచుకున్నది పాడవలేదు. తేడా మన్నాలో లేదు, ఎవరిని నమ్మి దాచుకున్నామో అందులో ఉంది.

మా అమ్మ అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి డాల్డా డబ్బాలో వేసేది, ఆదివారం చర్చికి పట్టుకెళ్ళడానికి. నాన్నకి పని దొరక్క ఇంట్లో జావే తాగిన రోజుల్లో కూడా ఆ రేకు డబ్బాలో గింజలు పడ్డ చప్పుడు వినపడేది, నాకు ఒళ్ళు మండేది, మనకే లేవు కదమ్మా అని ఏడ్చేదాన్ని. అమ్మ డబ్బా మూత పెట్టి, ఉన్న బియ్యం కడగడం మొదలుపెట్టేది. అలా వేస్తే మాకు డబ్బులొచ్చి పడ్డాయని నేను చెప్పను, రాలేదు. కానీ అమ్మ భయపడటం నేను చూడలేదు, ఇప్పుడు చేతిలో అంతకంటే ఎన్నో రెట్లు ఉండి కూడా నాకు ఆ ధైర్యం రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

అప్పు తీరాలంటే ముందు పెద్ద కానుక విత్తనంగా వేయమని మీకు ఒకరు చెప్పారన్నారు, దానికోసం మాత్రం ఇంకో రూపాయి అప్పు చేయకండి. దేవుడు వడ్డీకి తెచ్చిన కానుక అడగడు.

5వ తారీఖున వడ్డీ కట్టేలోపు పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చోండి. ప్లాట్ కాగితాలు, నోటు జిరాక్స్, ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని, ముందు ఆయన్నే ప్రార్థన చేయమనండి. లెక్క కూడా ఆయన చేత్తోనే రాయించండి. వెంటనే ఒప్పుకోకపోతే పోట్లాడకండి, కనీసం నోటు మూడోసారి తిరగరాయనని మాట తీసుకోండి, తర్వాత ఏమైందో నాకు రాయండి.