పొక్కుల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ జ్వరానికి రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: మాకు పెళ్లయి నాలుగు నెలలు. మావారికి ఉద్యోగం రావడంతో హైదరాబాద్ నుంచి టాంజానియాలోని దార్ ఎస్ సలామ్‌కి వచ్చి పదహారు రోజులైంది. మూడో రోజు నుంచే నాకు మెడ కింద, వీపంతా ఎర్రటి పొక్కులు, సూదులతో గుచ్చినట్టు ఒకటే చురచుర. ఎన్ని నీళ్లు తాగినా నీరసం తగ్గట్లేదు, రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. ఇద్దరికీ రెండు రోజులు విరేచనాలయ్యాయి. ఈ ఊరు మాకు పడదేమోనని భయంగా ఉంది. మొన్న రాత్రి మావారికి చలిజ్వరం వచ్చింది కానీ డోలో వేసుకుంటే పొద్దుటికి తగ్గిపోయింది. పొక్కులకి ఏ క్రీము రాయమంటారు?

జవాబు: అమ్మా, మీరు అన్నీ వివరంగా రాసి, జ్వరం గురించి మాత్రం చివర్లో ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ ఒక్క ముక్కే. అందుకే మీ మెయిల్ చూసిన రోజే ‘ముందు మలేరియా పరీక్ష’ అని మీకు ఒక లైను పంపించాను, ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను.

డోలో జ్వరాన్ని దించుతుందే గానీ జ్వరం ఎందుకు వచ్చిందో ఆ కారణాన్ని తీసేయదు. టాంజానియాలో ఉండే మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, మన దగ్గర ఏజెన్సీ మన్యంలో జనాన్ని మంచాన పడేసేది కూడా ఇదే, మెదడుకి, కిడ్నీలకి ఎక్కితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాల మీదకి తెస్తుంది. దోమ కుట్టాక కనీసం ఏడు రోజులకి, చాలామందిలో రెండు వారాల లోపు బయటపడుతుంది. మీవారికి జ్వరం వచ్చింది సరిగ్గా పద్నాలుగో రోజున. ఇది కాకతాళీయమే కావచ్చు, ఆ మాట పరీక్ష తేల్చాలి, మనం ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు.

వేలి మీద గుచ్చి చేసే చిన్న పరీక్ష అక్కడ మామూలు క్లినిక్కుల్లోనూ ఉంటుంది, ఇరవై నిమిషాల్లో ఫలితం వస్తుంది. ఒకసారి నెగటివ్ వచ్చిందని ఊరుకోకండి, జ్వరం మళ్లీ వస్తే పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తర్వాత ఇంకోసారి, అవసరమైతే మూడోసారి కూడా చేయించాలి. మగతగా ఉన్నా, మాట తడబడినా, కళ్లు పచ్చబడినా, మూత్రం నల్లగా వచ్చినా, ఆయాసం వచ్చినా, వాంతులు ఆగకపోయినా క్లినిక్ కాదు, నేరుగా పెద్దాసుపత్రికే.

‘చిన్నప్పుడు మా ఊళ్లో మలేరియా వచ్చింది, మాకు అలవాటే’ అని కొంతమంది ధీమాగా ఉంటారు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, అంతమాత్రాన దోమ మన మీద దయ చూపించదు కదా! టాంజానియాలోనే పుట్టి పెరిగిన పెద్దవాళ్లకి పదే పదే కుట్టించుకోవడం వల్ల కొంత నిరోధకశక్తి ఉంటుంది. కాబట్టి ‘ఏం కాదు, రెండు రోజుల్లో పోతుంది’ అనే పక్కింటివాళ్ల సలహా వాళ్లకి పనికొస్తుందేమో గానీ మీకు కాదు. ఊరినుంచి క్లోరోక్విన్ స్ట్రిప్పులు తెచ్చుకుని ఉంటే వాటినీ నమ్ముకోవద్దు, అక్కడి ఫాల్సిపారం మీద అది ఎప్పుడో పనిచేయడం మానేసింది.

డెంగీ కూడా ఆ నగరంలో ఉంది, 2014లోనూ 2019లోనూ బాగా ప్రబలింది. అది కాదని తేలేదాకా ఒళ్లునొప్పులకి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్ప్రిన్ వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

ఇంకో మాట, కొత్తగా పెళ్లయినవాళ్లు కాబట్టి అడుగుతున్నాను. నెలసరి తప్పిందా? తప్పితే ముందు గర్భపరీక్ష చేసుకుని, ఏ మందు రాసినా ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. గర్భిణికి మలేరియా మరింత ప్రమాదం, పైగా డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని మందులు పనికిరావు.

ఇప్పుడు మీ పొక్కులు. అవి చెమటకాయలే అనిపిస్తోంది. హైదరాబాద్ ఎండ పొడి ఎండ, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో చెమట ఆరదు, స్వేదరంధ్రాలు మూసుకుపోయి లోపలే మంట పుడుతుంది (విశాఖవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు). రోజుకి రెండుసార్లు చన్నీళ్ల స్నానం, ఒళ్లు ఆరాక వదులైన నూలుబట్టలు, ఫ్యాను గాలి, మంటగా ఉంటే కాలమైన్ లోషన్, అంతే. కొబ్బరినూనె రాస్తే రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి. అందరూ చెప్పే ఆ ‘మూడు మందుల ట్యూబు’లో (ఫంగస్ మందు, యాంటీబయాటిక్‌లతో కలిపి) స్టెరాయిడ్ ఉంటుంది, దాని జోలికి వెళ్లొద్దు.

నీరసానికి, పిక్కలు పట్టడానికి వట్టి నీళ్లు చాలవు, చెమటతో ఉప్పు కూడా పోతోంది, పైగా విరేచనాలు. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ తాగండి. ఒంటికి ఆ వేడి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత చెమటలో ఉప్పు పోవడం కూడా తగ్గుతుంది, కాబట్టి ఊరు పడకపోవడమేమీ లేదు. కుళాయి నీళ్లు మరిగించకుండా తాగొద్దు, పళ్లు తోముకోవడానికి కూడా వద్దు. అయితే మలేరియాలోనూ కొందరికి విరేచనాలవుతాయి, అందుకే కడుపు సంగతి కూడా అక్కడి డాక్టరుకి చెప్పండి.

దోమలమందు పట్టించిన తెర ఈరోజే కొనండి, అంచులు పరుపు కిందకి దోపి పడుకోవాలి. మలేరియా దోమ రాత్రిపూట కుడుతుంది, డెంగీ దోమ పగలు, కాబట్టి పగటిపూట డీట్ (దోమల్ని దగ్గరకి రానివ్వని మందు) ఉన్న క్రీము రాసుకోవాల్సిందే. ముందు జాగ్రత్తగా వాడే మాత్రల గురించి కూడా అక్కడి డాక్టరునే అడగండి.

పరీక్ష పాజిటివ్ వస్తే సాధారణంగా ఇచ్చేది ఆర్టిమీథర్, ల్యుమిఫాంట్రిన్ కలిసిన మాత్రలు, పెద్దవాళ్లకి మూడు రోజుల్లో ఆరు మోతాదులు. పాలతోనో, కాస్త నూనె, నెయ్యి ఉన్న తిండితోనో వేసుకుంటేనే ఒంటికి పడతాయి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. మందులషాపులో వేళలు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త, అక్కడి వాళ్ల భాష స్వాహిలీలో గంటలు పొద్దున్న ఆరు నుంచి లెక్కపెడతారు. ‘సా మ్బిలి’ అంటే మాటకి రెండు గంటలే, మన గడియారంలో మాత్రం ఎనిమిది. కాగితం మీద అంకెల్లో రాయించుకుని, ఏ గడియారం ప్రకారమో అడిగి తెచ్చుకోండి.