కాశీకి కారులో వెళ్తే రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కుటుంబంతో కారులో చేసే దూర ప్రయాణాల గురించే. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సంక్రాంతి సెలవులకి ఇంకొన్ని రోజులు కలుపుకుని మొత్తం తొమ్మిది రోజులు హైదరాబాద్ నుంచి కాశీకి మా కారులోనే వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, ఆరేళ్ల పాప, మామయ్యగారు (71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), అత్తయ్యగారు (66, షుగర్ ఉంది). బండి నడిపేది మావారొక్కరే. మొదటి రోజు రాత్రికి జబల్‌పూర్, రెండో రోజు రాత్రికి కాశీ అని ఆయన లెక్క. హైవే అంతా బాగుంది, గంటకి 90 చొప్పున వేసుకున్నా సరిపోతుంది అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెప్పి ఒప్పించాలి?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ టెన్షన్‌లో అర్థముందమ్మా. హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దాదాపు 770 కిలోమీటర్లు. దాన్ని 90తో భాగిస్తే ఎనిమిదిన్నర గంటలు వస్తుంది, మీవారు చూస్తున్నది ఆ లెక్కే. కానీ మీటర్లో 90 కనిపించడం వేరు, పొద్దున బయల్దేరిన దగ్గర్నుంచి రాత్రి గది తాళం తీసేదాకా పడే సగటు వేరు. టోల్ గేట్లు, పని జరుగుతున్నచోట సర్వీస్ రోడ్డు మీదికి మళ్లింపులు, పక్కపక్కనే పోతూ దారివ్వని రెండు లారీలు, టిఫిన్, భోజనం, పాపకి వాంతి, అత్తయ్యగారి మందులు, ఇవన్నీ కలిపితే పిల్లలూ పెద్దలూ ఉన్న బండికి నాలుగు లేన్ల రోడ్డు మీద కూడా సగటు 50, 55 దాటదు. అంటే ఆ 770కి పధ్నాలుగు గంటలు. పొద్దున అయిదుకి బయల్దేరినా రాత్రి ఏడు, అదీ ఎక్కడా ఏ ఆటంకమూ రాకపోతే.

మీవారికి ఇంకోమాట కూడా చెప్పండి. బస్సులూ లారీలూ నడపడమే వృత్తిగా ఉన్నవాళ్ల కోసం 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. దాని ప్రకారం మామూలుగా రోజుకి ఎనిమిది గంటల పని, ఏకధాటిగా అయిదు గంటలకి మించి పని చేయకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఉండేది (2025లో ఆ చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది). రోజూ స్టీరింగ్ పట్టుకునేవాళ్లకే అంత జాగ్రత్త పెట్టినప్పుడు, వారమంతా ఆఫీసులో కూర్చుని సెలవు రోజున బండి తీసేవాళ్లం పధ్నాలుగు గంటలు ఎలా నడుపుతాం?

ఇదంతా నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నదే. ఇదే దారిలో, ఇదే లెక్కతో, మా అమ్మానాన్నల్ని తీసుకుని ఒక్కరోజులో జబల్‌పూర్ చేరాలని వెళ్లాను. శివనీ దాటాక చీకటి పడింది, వెనక అందరూ నిద్రపోయారు, నాకు రెప్ప పడిన సంగతే తెలియలేదు. టైరు రోడ్డు అంచు దిగి గరగరమన్న చప్పుడుకి మెలకువ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అద్దంలో మా అమ్మ నిద్రపోతున్న ముఖం చూసినప్పుడు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. అందుకే గట్టిగా చెబుతున్నాను, మీ ప్రయాణానికి రెండు రోజులు చాలవు.

మీకున్న తొమ్మిది రోజుల్ని ఇలా సర్దుకోవచ్చు. మొదటి రోజు నాగపూర్, సుమారు 500 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఇదొక్కటే పెద్ద రోజు, అందరూ ఓపికతో ఉన్న రోజు కాబట్టి దీన్నే పెద్దది చేయాలి. పొద్దున అయిదుకి బయల్దేరితే ఏడుంబావుకి కామారెడ్డి దగ్గర టిఫిన్, తర్వాత నిర్మల్ దగ్గర ఒక పావుగంట, పన్నెండున్నర లోపు ఆదిలాబాద్ దాటి పాండర్‌కవడా చుట్టుపక్కల భోజనం, నాలుగింటికల్లా నాగపూర్. అత్తయ్యగారికి షుగర్ ఉంది కాబట్టి "ఇంకో మంచి హోటల్ వస్తుందిలే" అని భోజనం వెనక్కి నెట్టొద్దు. పెరుగన్నమో చపాతీయో డబ్బాలో పెట్టుకోండి, హోటల్ దొరక్కపోయినా టైముకి తినగలుగుతారు. ఇన్సులిన్ వాడుతుంటే ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

రెండో రోజు జబల్‌పూర్, 270 మాత్రమే. పెంచ్ అడవి మీదుగా వెళ్తుంది దారి. పులులూ జింకలూ కింద నుంచి దాటేందుకు అక్కడ రోడ్డునే పైకెత్తి కట్టారు, పాపకి చూపించండి. లఖనాదౌన్ దగ్గర 44వ నంబరు హైవే నర్సింగ్‌పూర్ వైపు పోతుంది, మీరు జబల్‌పూర్ రోడ్డు పట్టుకోవాలి. మధ్యాహ్నానికి చేరిపోతారు, సాయంత్రం భేడాఘాట్ వెళ్లొచ్చు. పాలరాతి కొండల మధ్య నర్మదని చూశాక మామయ్యగారు మోకాళ్ల సంగతి కాసేపు మర్చిపోతారు. మూడో రోజు కట్నీ మీదుగా మైహర్, 160. శారదామాత గుడి కొండ మీద ఉంది, వెయ్యికి పైగా మెట్లు, అయితే రోప్‌వే ఉంది. నాలుగో రోజు రీవా మీదుగా ప్రయాగ్‌రాజ్, 200. రీవా దాటాక సోహాగీ ఘాట్ వస్తుంది, దాన్ని వెలుగుండగానే నెమ్మదిగా దిగండి. అయిదో రోజు కాశీ, 125 కిలోమీటర్లే. వచ్చేటప్పుడు మిర్జాపూర్ మీదుగా నేరుగా మైహర్ లేదా కట్నీ, తర్వాత నాగపూర్, తర్వాత ఇల్లు, మూడు రోజులు.

మీరు వెళ్లేది జనవరిలో కాబట్టి ఒక సంగతి చాలా ముఖ్యం. మన దగ్గర తెల్లవారుజామున బయల్దేరడం మంచి అలవాటే, కానీ రీవా దాటి ఉత్తరప్రదేశ్‌లోకి వెళ్లాక అదే అలవాటు ప్రమాదం. డిసెంబరు, జనవరిలో అక్కడ పొగమంచు దట్టంగా పడుతుంది, కొన్ని రోజులు తొమ్మిది పది దాకా ముందున్న లారీ కూడా కనిపించదు. సాయంత్రం అయిదున్నరకే పొద్దు గూకుతుంది. చేతికొచ్చేది ఏడెనిమిది గంటల వెలుతురు. అందుకే చివరి రెండు రోజులు అంత చిన్నవి చేశాను. ఇంకొకటి, అప్పుడే ప్రయాగలో మాఘమేళా ఉంటుంది. మకర సంక్రాంతి, మౌని అమావాస్య స్నానాల రోజుల్లో బండ్లని చాలా దూరంలోనే ఆపేస్తారు. మీ తేదీలు వాటికి తగిలితే రీవా నుంచి హనుమనా, మిర్జాపూర్ మీదుగా ముందు కాశీకే వెళ్లిపోండి.

కాశీలో గంగ ఒడ్డున సందుల్లో ఉన్న సత్రాల దాకా కారు వెళ్లదు. గది బుక్ చేసేటప్పుడే కారు ఎక్కడ పెట్టాలి, అక్కడి నుంచి మామయ్యగారు ఎంత దూరం నడవాలి అని అడగండి.

ఇక పెద్దవాళ్లు కాశీలో మూడు నిద్రలు చేయాలంటే, లేదా వచ్చేటప్పటికి అలిసిపోతారనుకుంటే, తిరుగు ప్రయాణానికి వాళ్లకి మీరు తోడుండి రైల్లో తీసుకురావచ్చు. దానాపూర్ నుంచి హైదరాబాద్ వైపు వచ్చే ఎక్స్‌ప్రెస్ కాశీకి దగ్గర్లోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్లో ఆగుతుంది. టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు, ఆ రోజు పొద్దున్నే చూసుకోవాలి. కానీ మీరు పాపతో రైల్లో వస్తే మీవారు 1,200 కిలోమీటర్లు ఒంటరిగా నడపాలి, దానికి తోడుగా ఎవరైనా దొరికితేనే ఆ ఆలోచన చేయండి.

ప్రశ్న: రాత్రి పదింటికి బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, పిల్లలు నిద్రపోతారు, ఎండ ఉండదు. హైదరాబాద్ నుంచి తిరుపతికి ఇలా నాలుగుసార్లు వెళ్లొచ్చాను. రాత్రి నడపొద్దని అందరూ ఎందుకు భయపెడతారు?
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: మీరు చెప్పిన మూడూ నిజమే. కానీ పగలంతా పనిచేసి రాత్రి స్టీరింగ్ పట్టుకుంటే తెల్లవారుజాము రెండు నుంచి అయిదింటి మధ్య ఒళ్లు నిద్ర అడుగుతుంది, మీకు డ్రైవింగ్ ఎంత వచ్చినా సరే. వెనక లైటు లేకుండా రోడ్డు మీద ఆగిపోయిన లారీలు, తప్పు దారిలో ఎదురొచ్చే ట్రాక్టర్లు ఉండేదీ ఆ చీకట్లోనే. పిల్లలతో పాటు మీ ఆవిడ కూడా నిద్రపోతే మీ కునుకు కనిపెట్టేవాళ్లెవరూ ఉండరు. ఏసీ పెంచడం, పాటలు పెట్టడం, ముఖం కడుక్కోవడం, వీటితో నిద్ర పోదు. వెలుతురున్న బంకులో బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకుంటే కొంత నయం. కాఫీ తాగి వెంటనే పడుకోండి, అది పనిచేయడానికి ఎలాగూ ఆ మాత్రం సమయం పడుతుంది. అది కూడా పక్క ఊళ్లో గది దొరికేదాకానే. జలుబుకో వాంతికో వేసుకునే మాత్రలు చాలావాటికి మత్తు ఉంటుంది, నడిపేవాళ్లు డాక్టరునడక్కుండా వేసుకోవద్దు. తిరుపతికి సుమారు 560 కిలోమీటర్లు, తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి బయల్దేరితే సాయంత్రానికి చేరిపోతారు. ముందు రోజు రాత్రి తొమ్మిదికే పడుకోవాలి, అదొక్కటే కష్టం.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. అమ్మానాన్నలు వచ్చారు, జూన్‌లో వాళ్లకి గ్రాండ్ కాన్యన్ చూపించాలి. ఎన్ని రోజుల్లో వెళ్లాలి?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: దాదాపు వెయ్యి మైళ్లు. వెళ్లడానికే మూడు రోజులు పెట్టుకోండి. మొదటి రాత్రి అమరిల్లో (365 మైళ్లు), రెండోది ఆల్బకర్కీ (290), మూడోది ఫ్లాగ్‌స్టాఫ్ (325), అక్కడి నుంచి సౌత్ రిమ్ (గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు) ఇంకో 80. పడమరకి వెళ్తారు కాబట్టి న్యూ మెక్సికోలో ఒక గంట, వేసవిలో ఆరిజోనాలో ఇంకో గంట కలిసొస్తాయి, తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండూ పోతాయి, కాబట్టి వచ్చేటప్పుడు రోజులు ఇంకా చిన్నవిగా ఉండాలి. ఫ్లాగ్‌స్టాఫ్, సౌత్ రిమ్ రెండూ దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటాయి, నాన్నగారికి గుండె, ఆయాసం లాంటివి ఉంటే ముందే డాక్టరుని అడగండి. గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెద్దవాళ్లకి ఎక్కువ, రెండు గంటలకోసారి దింపి నడిపించండి.

ప్రశ్న: నా వయసు 64. మా అబ్బాయిలు రాజమండ్రి నుంచి అరుణాచలం ఒక్కరోజులో తీసుకెళ్తామంటున్నారు. నాకు గంటన్నరకోసారి బాత్రూంకి వెళ్లాలి. మాటిమాటికీ ఆపమని అడగడానికి సిగ్గేసి పోయినసారి రోజంతా నీళ్లు తాగలేదు. ఇంటికొచ్చాక మంట, జ్వరం. ఈసారి రానని చెప్పేయనా?
— ఒక అమ్మ, రాజమండ్రి

జవాబు: రానని చెప్పకండమ్మా. మీ ఉత్తరం చదివాక చాలాసేపు మనసు బాగాలేదు, ఎందుకంటే మీలా నీళ్లు మానేసి కారులో కూర్చునే అమ్మలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు, పక్క సీట్లో ఉన్న పిల్లలకి ఆ సంగతే తెలియదు. నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది, మీకు వచ్చిన మంట, జ్వరం అదే కావచ్చు. ఒకసారి పరీక్ష చేయించుకోండి. బీపీకి మందు వాడుతుంటే అందులో మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది ఉందేమో, ప్రయాణం రోజు ఆ మాత్ర వేళ మార్చుకోవచ్చా అని డాక్టరునే అడగండి, సొంతంగా మానేయొద్దు.

ఇక ఇది అబ్బాయిల కోసం. బాబూ, రాజమండ్రి నుంచి అరుణాచలం సుమారు 770 కిలోమీటర్లు. విజయవాడ, ఒంగోలు మీదుగా నెల్లూరు వరకే 430 పైన అవుతుంది. మొదటి రాత్రి అక్కడ ఆగండి. రెండో రోజు తిరుపతి బయట నుంచి చిత్తూరు, వేలూరు మీదుగా మధ్యాహ్నానికి చేరతారు. గంటన్నరకి ఒక ఆగే చోటు ముందే మ్యాపులో గుర్తుపెట్టుకోండి, అమ్మ అడిగినా అడగకపోయినా అక్కడ ఆపండి. ఆమె నోరు తెరిచి అడగాల్సిన అవసరం రాకూడదు. పెట్రోలు బంకుల్లో టాయిలెట్, తాగే నీళ్లు, టైర్లకి గాలి ఉచితంగానే ఇవ్వాలి, కాబట్టి ఏమీ కొనకుండా వెళ్లడానికి మొహమాటం అక్కర్లేదు. పెద్ద బంకుల్లో, వెలుతురున్నచోట, ముందు మీలో ఒకరు వెళ్లి శుభ్రంగా ఉందా, నీళ్లు వస్తున్నాయా అని చూసి రండి. సబ్బు, టిష్యూలు, ఒక బాటిల్ నీళ్లు, చిన్న టార్చి ఒకే సంచిలో పెట్టి అమ్మ చేతికి అందేలా ఉంచండి. మీరు నడిపే గంటల మధ్య మీకూ ఆ విరామం కావలసిందే.

ఇంకొకటి మర్చిపోవద్దు. గిరి ప్రదక్షిణ 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, చాలామంది రాత్రిపూట చేస్తారు. రాత్రంతా నడిచి తెల్లారగానే బండి తీసి తిరుగు ప్రయాణం కట్టేవాళ్లని ఎంతోమందిని చూశాను. అలా చేయకండి. ప్రదక్షిణ అయిన రోజు పూర్తిగా పడుకుని, మర్నాడు పొద్దున కదలండి. గది ఆ రెండో రాత్రికి కూడా ఇప్పుడే బుక్ చేసుకోండి, పౌర్ణమి అయితే చివర్లో దొరకవు. అమ్మా, మీరు నడవలేకపోతే ప్రదక్షిణ దారిలో ఆటోలు తిరుగుతాయి, పౌర్ణమి కాని రోజు వెళ్తే అవి సులువుగా దొరుకుతాయి.