అమ్మాయికి గ్రూప్ థియరీ పిచ్చి, నాన్నకు సీఎస్‌ఈ టెన్షన్

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి సీనియర్ ఇంటర్ ఎంపీసీ, ఇంజినీరింగ్ వద్దు, లెక్కల్లో ఫైనైట్ గ్రూప్స్ (ఒక ఆకారాన్ని మళ్లీ అలాగే కనిపించేలా తిప్పే, బోర్లించే పద్ధతుల లాంటి వాటి చదువు) మీద రీసెర్చ్ చేస్తానంటోందట. ఆ సబ్జెక్ట్ 1980ల్లోనే అయిపోయిందని ఎవరో చెప్పారట. సీఎస్‌ఈతో పోల్చి చెప్పమన్నారు.

అయిపోయిందన్నది సగం నిజమే సార్. సింపుల్ గ్రూప్స్ (ఇంకా చిన్నవాటిగా విడగొట్టలేని మూల గ్రూప్స్) జాబితా పూర్తయిందని 1980ల మొదట్లో చెప్పుకున్నారు గానీ, రుజువులో మిగిలిన పెద్ద కంత 2004 దాకా పూడలేదు. సరుకుల లిస్టు రాసుకున్నంత మాత్రాన వంట అయిపోయినట్టా? గ్రూప్స్ మీద 1970ల నాటి మెక్కే కంజెక్చర్‌ను, అంటే రుజువు లేకుండా మిగిలిన ఒక ఊహను, ఆ జాబితా ఆసరాతోనే బ్రిటా ష్పేట్, మార్క్ కబానెస్ అనే గణితజ్ఞులు మొన్న 2023లో తేల్చారు.

దారి మాత్రం పొడుగే, దాచను. చెన్నైలోని సీఎంఐ (చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్)లోనో తిరుపతి ఐసర్ (కేంద్రం వారి సైన్స్ విద్యాసంస్థ)లోనో డిగ్రీ, తర్వాత పీహెచ్‌డీ, అప్పుడు జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) అంటూ ఊళ్లు తిరగడం, పర్మనెంట్ ఉద్యోగం ముప్పై దాటాకే. అసలు మీ భయం జీతం కూడా కాదు, పాతికేళ్లొచ్చినా చదువుతుంటే సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలని. ఈ ఉత్తరం నాకు కొత్తేం కాదు లెండి, ఊరి పేరే మారుతుంది.

ఇక సీఎస్‌ఈ, అందులోనూ పక్కన ఏఐ అని తగిలించినది. ఇక్కడ బెజవాడలో బెంజ్ సర్కిల్ హోర్డింగ్ చూసి, డొనేషన్ కట్టి చేరిన పిల్లలు మూడో ఏడాదికల్లా మ్యాట్రిక్స్‌ల దగ్గర బిక్కమొహం వేసుకుని నా దగ్గరికే వస్తున్నారు. బాగుపడినవాళ్లు లేరనను, కానీ వాళ్లు బాగుపడింది లెక్కలంటే ఇష్టం ఉండబట్టి, హోర్డింగ్ వల్ల కాదు. లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లకు కోడింగ్ ఎప్పుడైనా నేర్పొచ్చు, తిరగేసి చేయడమే కష్టం.

మీ ఉత్తరంలో సీఎస్‌ఈ ఆరుసార్లు ఉంది, ఆ అమ్మాయికి ఏం నచ్చిందో ఒక్క ముక్క లేదు. ఫిజిక్స్ రికార్డు వెనక చదరాలు గీసి, మూలలకు అంకెలు వేసి పాడుచేస్తోందని ఫిర్యాదు మాత్రం చేశారు. సబ్జెక్ట్ అదేనండీ! చదరపు కాగితాన్ని తీసి మళ్లీ అదే చోట అమర్చడానికి ఎనిమిది పద్ధతులు: కదపకుండా ఉంచడంతో కలిపి నాలుగు తిప్పడాలు, నాలుగు బోర్లించడాలు. పావు వంతు తిప్పి బోర్లిస్తే ఒకలా వస్తుంది, బోర్లించి తిప్పితే ఇంకోలా. ఆ పిల్ల దాన్ని తనంతట తానే పట్టుకుని ఉంటే మీరు తిట్టాల్సింది రికార్డు గురించి కాదు.

రెండు వైపులా ఫారాలు నింపించండి. డిగ్రీలో విసుగొస్తే డేటా సైన్స్‌కో క్రిప్టోగ్రఫీకో టీచింగ్‌కో మళ్లొచ్చు, ఏ దారీ మూసుకుపోదు. ఈసారి ప్రశ్న అమ్మాయినే రాయమనండి, ఆ రికార్డు వెనక పేజీ ఫొటో కూడా పెట్టమనండి.