కుండపెంకు చూసి భాష చెప్పగలమా?

ప్రశ్న: చైనాని ఏలిన మంచూలు, సైబీరియా అడవుల్లో రెయిన్‌డీర్లతో తిరిగే ఏవెంకీలు ఒకే తుంగూసిక్ భాషా కుటుంబమని చదివాను. వీళ్ల పూర్వీకులు ఎక్కడివాళ్లు? ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

జవాబు: ముందు వాళ్ల భాషల్లో అంకెలు చూడండి. మూడుని ఏవెంకీలో ఇలన్ అంటారు, మంచూలోనూ ఇలనే. ఏడు రెండిట్లోనూ నదన్. చెయ్యి ఏవెంకీలో ఙాలె (మనం అక్షరమాలలో తప్ప వాడని ఆ ఙ వాళ్లకి రోజూ పనికొస్తుంది), మంచూలో గల. ఒకటి రెండు మాటలైతే అరువు అనుకోవచ్చు గానీ అంకెలు, ఒంట్లో భాగాలు, వ్యాకరణం అన్నీ కలిసొస్తుంటే ఒకప్పుడు ఒకే భాష ఉండేదనే చెప్పాలి.

ఇక ఊరి సంగతి. ఏవెంకీలు యెనిసెయ్ నది నుంచి ఒఖోట్స్క్ సముద్రం దాకా పరుచుకుని ఉన్నా వాళ్ల మాండలికాలు ఒకదానికొకటి చాలా దగ్గర, అంటే అంత దూరం వెళ్లి మరీ ఎక్కువ కాలం కాలేదన్నమాట. అదే రష్యా, చైనా సరిహద్దులోని ఆమూర్ నది వైపు చూస్తే నానాయ్, ఉల్చ్, ఉదెగె, ఒరోచ్ అంటూ పక్కపక్కనే ఎన్నో భాషలు. భాష ఎక్కువకాలం ఉన్నచోటే ఎక్కువ కొమ్మలు వేస్తుంది కాబట్టి చాలామంది పుట్టిల్లు ఆమూర్, ఖంకా సరస్సు ప్రాంతమే అంటారు. బైకాల్ సరస్సు దగ్గరి పాత సమాధులని చూపించి అక్కడే మొదలన్న పురావస్తు శాస్త్రవేత్తలూ ఉన్నారు, నాకైతే ఆమూర్ వాదనే బలంగా కనిపిస్తుంది.

ఆ ఖంకా సరస్సు ఉన్న ప్రాంతంలోనే, రష్యా తూర్పు కొసన ఉన్న ప్రిమోర్యేలో, డెవిల్స్ గేట్ అనే గుహ ఉంది. అక్కడ సుమారు 7,700 ఏళ్ల నాటి ఎముకలు, కుండపెంకులు, అడవి మొక్కల నారతో అల్లిన వస్త్రాల ముక్కలు దొరికాయి. అందులో ఇద్దరు ఆడవాళ్ల డీఎన్ఏ ఫలితాలు 2017లో వచ్చాయి, ఇప్పటి ఉల్చ్ ప్రజలకి వాళ్లు చాలా దగ్గర. ఇది చదవగానే వాళ్లు తుంగూసిక్ మాట్లాడేవాళ్లని రాసేస్తుంటారు, అది తప్పు. ఇప్పుడున్న భాషలు ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉన్నాయంటే వాటి మూలభాష అంత పాతది అయ్యుండదు. జనం అక్కడే ఉండిపోయారని డీఎన్ఏ చెప్తుంది, ఏం మాట్లాడారో చెప్పదు. కుండపెంకూ అంతే.

రాత దొరికాకే గట్టి నేల. 1115లో జిన్ రాజ్యం స్థాపించిన జుర్చెన్లు సొంత లిపి చేసుకున్నారు, వాళ్ల భాష మంచూకి దగ్గరి చుట్టం. 1635లో వాళ్ల పాలకుడు హాంగ్ తైజీ ఆ జుర్చెన్ అనే పేరు తీసేసి మంచూ అని పెట్టాడు.

భాష ఎంత దూరం నడుస్తుందో కూడా ఒకటి చెప్తాను. 1764లో సిబో అనే తెగ సైనికులని కుటుంబాలతో సహా మంచూల సొంత ప్రాంతమైన మంచూరియా నుంచి చైనా పడమటి కొసన షిన్‌జియాంగ్‌లోని ఇలీ లోయకి పంపారు. మంచూరియాలో మంచూ మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు గానీ, వేల కిలోమీటర్ల అవతల సిబోలు దాని రూపాన్నే మాట్లాడుతూ, ఏడుని ఇప్పటికీ నదన్ అనే రాస్తున్నారు.